మంగు మచ్చకు ఎంత మందు, ఎన్నాళ్లు?

వరి గింజ మందంలో పదహారో వంతు. మంగు మచ్చ పుట్టే పొరకు సుశ్రుతుడు ఇచ్చిన కొలత ఇది. సుశ్రుత సంహిత శారీరస్థానం చర్మాన్ని ఏడు పొరలుగా విడదీస్తుంది. అన్నిటికంటే పైది అవభాసిని, గింజలో పద్దెనిమిదో వంతు. దాని కింద లోహిత, పదహారో వంతు. వ్యంగం, అంటే మనం మంగు అనేది, ఈ రెండో పొరలో ఉంటుందట. గింజ మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే ఈ పొరలు సుమారు 0.11, 0.125 మిల్లీమీటర్లు అవుతాయి. ముఖం మీది బాహ్యచర్మం నేటి లెక్కలో 0.1 మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. గింజల్లోనే సవాలక్ష రకాలున్నప్పుడు ఈ పోలికను మరీ లాగకూడదు. అయినా పాత వైద్యులు ఎంత సన్నగా కొలిచారో దీనితో తెలుస్తుంది. ఇప్పుడు మంగుకు ఆయుర్వేదం పేరుతో వంటింట్లో, బ్యూటీ పార్లర్‌లో, ఫోన్ తెర మీద నడిచే వైద్యంలో కనిపించనిది ఆ కొలతే.

సుశ్రుతుడు 44 క్షుద్రరోగాల్లో ఒకటిగా వ్యంగాన్ని లెక్కించాడు. అష్టాంగహృదయం రాసిన వాగ్భటుడి జాబితాలో ఆ రోగాలు 36. కోపం, అతి శ్రమ వల్ల వాతం పిత్తంతో కలిసి ముఖాన చేరి నొప్పి లేని, పలుచని, నల్లని మచ్చ వేస్తుందని ఆయుర్వేదం చెప్పే కారణం. అత్తాకోడళ్ల కీచులాటలో దీన్ని వాడుకునేవాళ్లూ ఉంటారు గానీ, కోపమే అసలు కారణమైతే ఊళ్లో సగం మొహాలకు మంగు ఉండాలి. ఆధునిక వైద్యం ఎండ, గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశం అని నాలుగు వేళ్లు చూపిస్తుంది. రంగునిచ్చే ఒక్కో కణం తన చుట్టూ ఉన్న సుమారు 36 చర్మకణాలకు వర్ణకాన్ని పంచుతుంది. ఎండ, హార్మోన్లు ఆ కణాన్ని రెచ్చగొడితే పంపకం పెరిగి మచ్చ తేలుతుంది. బాహ్యచర్మం పూర్తిగా మారడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ‘ఏడు రోజుల్లో మాయం’ అన్న ప్రకటన చర్మం లెక్కకే సరిపోదు.

లేపనాల దగ్గరికి వద్దాం, ఎక్కువమంది మొదలుపెట్టేది అక్కడే. వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానంలో ముఖలేపాన్ని మూడు మందాల్లో చెప్పాడు. దోషం పోగొట్టేది పావు అంగుళం, విషం తీసేది అంగుళంలో మూడో వంతు, రంగు తేల్చేది అర అంగుళం. శాస్త్రంలోని అంగుళం సుమారు 2 సెంటీమీటర్లు. అంటే ఛాయకు వేసే పట్టు దాదాపు 1 సెంటీమీటరు మందంగా, తడి ముద్దలా ఉండాలి. మనం పూసేది కాగితమంత. పైగా అది బిగుసుకుని పగుళ్లిచ్చేదాకా ఫ్యాను కింద కూర్చుని, తర్వాత పెచ్చులుగా ఊడదీస్తాం. వాగ్భటుడు సరిగ్గా దీన్నే వద్దన్నాడు. ఆరిన పట్టు ఛాయను చెడగొడుతుందని, ఆరకముందే మళ్లీ తడిపి తీసి, పైన నూనె రాయాలని ఆయన నియమం. పట్టు వేసుకున్నవాళ్లు ఎండకు, పొయ్యి సెగకు దూరంగా ఉండాలి, ఎక్కువ మాట్లాడకూడదు, పగటి నిద్ర కూడదు. ఆరు రుతువులకు ఆరు లేపాలు ఇచ్చాడు. వేసవిది కలువలు, గరిక, అతిమధురం, చందనం కలిపి నూరినది.

మంగుకే ప్రత్యేకించిన లేపం శార్‌ఙ్గధర సంహితలో ఉంది: ఎర్రచందనం, మంజిష్ఠ, లొద్దుగ చెక్క, చెంగల్వ కోష్టు, ప్రియంగువు, మర్రి చిగుళ్లు, మసూరు పప్పు. వీటిలో ఎర్రచందనం మన శేషాచలం చెట్టు. కడప, తిరుపతి, నెల్లూరు వైపు కొండలు, వాటి చుట్టుపక్కల దాటితే సహజంగా పెరిగేది తక్కువ. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. ‘అసలు ఎర్రచందనం’ అని చౌకగా అమ్మే ఎర్ర పొడిలో ఆ చెట్టు ఎంత ఉందో అడిగి చూడటం మంచిదే.

లేపం కన్నా ఎక్కువగా కలలు అమ్ముతున్నది కుంకుమాది తైలం. అష్టాంగహృదయం ఉత్తరస్థానం 32వ అధ్యాయంలో ఉన్న పాఠాన్నే తీసుకుందాం. కుంకుమపువ్వు, వట్టివేరు, లక్క, అతిమధురం, చందనం, మర్రి ఊడలు, తామర కేసరాలు, మంజిష్ఠ వంటి పదికి పైగా దినుసులు ఒక్కోటీ ఒక పలం, అంటే 48 గ్రాములు. వీటిని ఒక ఆఢకం నీటిలో కాచి పావు వంతుకు దింపాలి. అందులో లక్క, పతంగి, మంజిష్ఠ, అతిమధురం, కుంకుమపువ్వు కర్షం చొప్పున, అంటే 12 గ్రాములేసి నూరిన ముద్ద కలపాలి. ఒక కుడవం నూనె, దానికి రెండింతలు మేకపాలు పోసి వండాలి. కుడవం అంటే 192 మిల్లీలీటర్లు. ద్రవాలకు రెట్టింపు తీసుకోవాలన్న పరిభాష ప్రకారం 384.

ఇప్పుడు కుంకుమపువ్వు లెక్క. కషాయంలో 48, ముద్దలో 12, మొత్తం 60 గ్రాములు. నూనె రెట్టింపు చేసినా 10 మిల్లీలీటర్ల సీసాకు దాదాపు ఒకటిన్నర గ్రాము పడుతుంది. గ్రాము 300 రూపాయలే అనుకుందాం. ఒక్క కుంకుమపువ్వుకే 470 రూపాయల దాకా అవుతుంది. రెట్టింపు చేయకపోతే 940. కషాయంలోది వదిలేసి ముద్దలోని 12 గ్రాములే లెక్కేసినా 90 రూపాయలకు పైమాటే. మేకపాలు, కట్టెలు, కూలి, సీసా, దుకాణదారు లాభం ఇంకా కలపలేదు. కిలో కుంకుమపువ్వుకు లక్షన్నర పూల దాకా కోయాలి కాబట్టి ధర దిగే దారి లేదు. 150 రూపాయల సీసాలో వాగ్భటుడి తైలం ఉందంటే, పూలు ఎక్కడో తగ్గినట్టే. ఆయుర్వేద మందు లేబులు మీద ఏ గ్రంథం ప్రకారం చేశారో, ఏ దినుసు ఎంతో రాసి ఉంటుంది. కొనేముందు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

ఇంకో సంగతి. వాగ్భటుడు ఈ తైలాన్ని ముక్కులో చుక్కలుగా, నస్యంగా వాడమన్నాడు. ముఖానికి రాయడం తర్వాతి పాఠాల్లో, వాడుకలో బలపడింది. అలాగని బజారులో కొన్న సౌందర్య తైలాన్ని ముక్కులో పోసుకోకండి. నస్యం వైద్యుడి ఎదుట జరగాల్సిన పని. విరేచనం, జలగలు పట్టించడం కూడా అంతే. సుశ్రుతుడు చెప్పిన మరో ఉపాయం, మచ్చను రుద్దడం, ఇప్పుడు మానేయడమే మేలు. మన ఛాయ చర్మంలో రాపిడి కొత్త నలుపునే తెస్తుంది.

పనిచేస్తుందా అంటే, మనుషుల మీద పరీక్షించి చూసిన దినుసు అతిమధురం. దానిలోని లిక్విరిటిన్‌తో చేసిన క్రీమును 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 20 మంది మహిళలకు ముఖంలో ఒక పక్క, మందు లేని క్రీమును రెండో పక్క, రోజుకు రెండుసార్లు 4 వారాలు రాశారు. 16 మందిలో మందు రాసిన వైపు మచ్చ, మామూలు చర్మం తేడా తెలియకుండా కలిసిపోయింది. ఉత్సాహం కలిగించే అంకే, కానీ మనుషులు 20 మందే, నెల రోజులే. పైగా అది వడగట్టి తీసిన పదార్థం. చెంచాడు పొడిని పాలలో కలిపితే అదే ఫలితం వస్తుందని దానర్థం కాదు. ఇక నిమ్మరసం. దాని ఆమ్లత్వం పీహెచ్ 2 చుట్టూ ఉంటుంది. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి ముదురు మచ్చ పడవచ్చు.

ఏ వైద్యమైనా ఎండ దగ్గర ఓడిపోతుంది. వేసవి మధ్యాహ్నం హైదరాబాద్‌లో అతినీలలోహిత సూచీ 11 దాటుతుంది. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ ఆ కిరణాల్లో యూవీబీ అనేవాటిని 97 శాతం ఆపుతుంది, అయితే చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తేనే. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత. చాలామంది అందులో సగం కూడా రాయరు. బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న రకం మేలు. టోపీ, గొడుగు ఇంకా చౌక.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ‘మూలికలదే’ అంటూ పేరూ ఊరూ లేకుండా అమ్మే తెల్లబరిచే క్రీములు. 2011లో ప్రచురితమైన అధ్యయనంలో దేశంలోని 12 వైద్యకేంద్రాలకు ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. చర్మం పలచబడి, ఎర్రబడి, ఆపితే మచ్చ మరింత ముదురుతుంది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ల పూతమందులను చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసింది. పాదరసం ఇంకో బెడద. సౌందర్య సాధనాల్లో తెలియక చేరే పాదరసానికి మన చట్టం ఇచ్చిన హద్దు కళ్లకు వాడేవాటిలో తప్ప 10 లక్షల భాగాల్లో ఒక భాగం. ఆ హద్దు దాటితే దెబ్బ మూత్రపిండాలకు. కేరళలోని మలప్పురం జిల్లా వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం మూత్రపిండ వ్యాధి ఉన్న 22 మందిని పరిశీలించారు. 15 మందిలో అది అరుదైన నెల్-1 రకమని తేలింది. ఆ 15 మందిలో 13 మంది అంతకుముందు తెల్లబరిచే క్రీములు వాడారు. క్రీము మానేశాక ఎక్కువమంది కోలుకున్నారు. కాళ్లు వాచి, మూత్రంలో నురుగు కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ముఖానికి రాసే డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.