మట్టిబొమ్మకు తండ్రి యేల?

అమెరికాదేశమున బొమ్మల కథల పుస్తకములు చదువువారి యభిమానము సామాన్యమైనది కాదు. తమకు ప్రియమైన వీరుని కథను చలనచిత్రముగా తీయుచున్నారని తెలిసినంతనే, కూతురిని అత్తవారింటికి పంపు తల్లివలె వారు కలవరపడుదురు. అచ్చట దానిని సరిగా చూచుకొందురో లేదో, కట్టు మార్తురో, నడత మార్తురో యని వారి చింత. 1988లో బ్యాట్‌మన్ వేషమునకు మైకేల్ కీటన్ అను హాస్యనటుని నిర్ణయించిరని తెలిసి, వలదు వలదని నిర్మాతలకు వేలకొలది యుత్తరములు వ్రాసిరి. మరుసటి యేట చిత్రము వెలువడిన పిమ్మట ఆ కీటనునే నెత్తిన పెట్టుకొనిరి.

మగవీరుల విషయమున నీ తగవు పెక్కుసారులు నటునితోను, వేషముతోను ముగియును. వండర్ ఉమన్ అను వీరవనిత విషయమున మాత్రము అది పుట్టుకదాక పోయినది. ఆ తగవు మన స్త్రీలు వినదగినది.

ఈమె 1941 సంవత్సరాంతమున పత్రికలో మొదట కనబడినది. సృష్టికర్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. అబద్ధమాడువాని రక్తపుపోటులోని మార్పును కనిపెట్టు పరీక్షనుగూర్చి పాటుపడినవాడు. ఆమె బంగారుత్రాట చిక్కినవారు నిజము చెప్పక తప్పదు. ఆ త్రాడు ఆ పరీక్షకు చుట్టమే కాబోలు! బొమ్మలు వ్రాసినవాడు హెచ్. జి. పీటర్. కథ యేమన, పురుషుడన్నవాడు లేని యొక దీవి కలదు. దాని రాణి హిప్పోలిటా. ఆమెకు బిడ్డపై మనసు కలిగి, మట్టితో నొక శిశువును మలచెను. ఆఫ్రొడైటి యను దేవత ఆ బొమ్మకు ప్రాణము పోసెను. ఆ బిడ్డయే డయానా. 1942లో అచ్చయిన యీ జన్మవృత్తాంతమును వినినప్పుడు మనకు వినాయకచవితి కథ స్ఫురింపక మానదు. పార్వతీదేవి నలుగుపిండితో బాలుని చేసి, ప్రాణము పోసి, వాకిట కావలియుంచిన కథను అక్షతలు చేతపట్టుకొని యేటేట వినుచునే యున్నాము గదా! తల్లి యిచ్ఛయే చాలునన్న యీ భావము ఆ దేశపు బాలికలకు కొత్త. అందుచేతనే అది వారి మనసులో నాటుకొనినది.

1968లో పుస్తకము నడపువారికి ఒక యూహ తోచినది. డయానా శక్తులన్నియు తీసివేసి, ఆమెను సామాన్యస్త్రీగా మార్చి, దుస్తులంగడి పెట్టించిరి! చిన్ననాట ఆ కథలు చదివి పెరిగిన గ్లోరియా స్టైనమ్ అను స్త్రీవాద నాయకురాలికి ఇది సహింపరాని దాయెను. తాను సహస్థాపకురాలుగా నున్న 'మిజ్' పత్రిక 1972 జూలై సంచికకు ముఖపత్రముగా పూర్వపు వండర్ ఉమన్ బొమ్మనే వేయించెను. 1973లో డయానాకు శక్తులు తిరిగి వచ్చినవి. ఇంతకుమించి పాఠకురాలి మాటకు బలమేమి కావలెను?

టెలివిజనువారు కూడ ఈ పాఠము నేర్చుకొనవలసి వచ్చెను. 1974లో వారు తీసిన చిత్రమున డయానాకు మానవాతీత శక్తులు లేవు. పాత వేషమును లేదు. జనులు దానిని ఆదరింపలేదు. 1975లో లిండా కార్టరును నాయికగా నిలిపి, పాత కథలోని కిరీటము, కంకణములు, బంగారుత్రాడు, రెండవ ప్రపంచయుద్ధకాలము సర్వమును ఉన్నవున్నట్లు చూపగా, ఆ ధారావాహిక 1979వరకు నడచినది. నేటికిని ఎందరో వృద్ధాభిమానినులకు వండర్ ఉమన్ అనగా లిండా కార్టరే.

ఇక వెండితెర. బ్యాట్‌మనుకు 1943లోను, సూపర్‌మానుకు 1948లోను సినిమాశాలలలో ధారావాహికలు వచ్చినవి. వండర్ ఉమన్ పేర నొక పెద్ద చిత్రము 2017లోగాని రాలేదు. అనగా పుట్టిన డెబ్బదియైదేండ్లు దాటిన తరువాత. ఆడువారి కథకు ఆదాయముండదన్న నిర్మాతల భయమే యింత యాలస్యమునకు కారణమని అభిమానినుల యారోపణము. చిత్రము ప్రపంచమంతట ఎనుబది కోట్ల డాలర్లకు పైగా ఆర్జించుటచే, ఆ యారోపణమునకు బదులు చెప్పుట కష్టమైనది.

2013లో గాల్ గాడోట్ అను ఇజ్రేలుదేశపు నటిని ఎన్నుకొన్నప్పుడు రేగిన యల్లరి వినదగినదే. మరీ సన్నగా నున్నది, ఈ పిల్ల ఖడ్గమెట్లు పట్టునని పలువురు వెక్కిరించిరి. పెండ్లిచూపులకు వచ్చినవారు పలుకు పలుకులే యివి. దేశము మారినను మాట మారలేదు! తెరపై ఆమెను చూచిన పిదప ఈ సణుగుడు చాలవరకు సద్దుమణిగెను.

పుట్టుకనుగూర్చిన తగవు మాత్రము సద్దుమణుగలేదు. 2011లో బ్రయన్ అజరెల్లో అను రచయిత పుస్తకములోనే కథను మార్చివైచెను. మట్టిబొమ్మ మాట కల్ల యనియు, డయానా దేవరాజైన జ్యూస్‌కు పుట్టిన బిడ్డయనియు వ్రాసెను. 2017 చిత్రముకూడ ఈ దారినే పట్టినది. మొదట తల్లి బిడ్డకు మట్టికథయే చెప్పును. కడపట శత్రువైన ఏరీస్ వచ్చి, నీవు జ్యూస్ కూతురవని బయటపెట్టును. ఈ మార్పును సమర్థించు అభిమానులు లేకపోలేదు. గ్రీకు పురాణములలో వీరులు దేవతల బిడ్డలగుట పరిపాటి యనియు, ఏరీస్ కూడ జ్యూస్ కొడుకే కనుక యుద్ధము తోబుట్టువుల పోరై రక్తి కట్టినదనియు వారి వాదము. కథ యల్లికను చూచినచో ఇందు కొంత నిజము కలదు.

ఎదుటిపక్షమువారి బాధ వేరు. తల్లియు, దేవతయు, ఒక దీవినిండ నున్న స్త్రీలును కలిసి పెంచిన బిడ్డకు బలమెచ్చటినుండి వచ్చెనన్న ప్రశ్నకు, తండ్రినుండి యని జవాబు చెప్పుట వారికి గిట్టలేదు. డెబ్బదియేండ్లు తల్లి చెప్పిన మాట ఒక్కసారిగా బొంకైపోయినది. వినాయకునికి నలుగుపిండి కథ కల్ల, వెనుక మరియొక రహస్యమున్నదని మనకెవరైన చెప్పినచో, పూజాపీటముందు కూర్చున్న ముత్తైదువలు ఊరకుందురా? నాకు ఈ రెండవ పక్షమే సబబుగా తోచుచున్నది. కట్టు మార్చవచ్చును, కాలము మార్చవచ్చును. రెండవ యుద్ధమునకు బదులు మొదటి యుద్ధమును తెచ్చినందుకు కొందరు గొణిగినను కథకు కలిగిన లోపమేమియు లేదు. పుట్టుక మార్చినచో మనిషియే మారును.

అయినను ఆ చిత్రమును ఆ అభిమానినులే కంట తడిపెట్టుకొని చూచిరి. దర్శకురాలు ప్యాటీ జెన్‌కిన్స్. ఇరుసైన్యముల కందకముల నడుమ ఎవ్వరును అడుగుపెట్టజాలని నేల యొకటి కలదు. దానిని దాటుట యసాధ్యమని మగవారందరు వారించుచుండగా డయానా పైవస్త్రము తీసివైచి, డాలు చేతపట్టి, గుండ్ల వానలోనికి ఒంటరిగా నడచును. ఆ దృశ్యము అవసరమా యని సహచరులు కొందరు సందేహించినను, జెన్‌కిన్స్ పట్టుపట్టి నిలిపినది. యుద్ధఘట్టమును చూచి యేడ్చితిమేమని తమలో తామే యాశ్చర్యపడిన స్త్రీలు ఎందరో వ్రాసికొనిరి. ఆస్టిన్ నగరమున నొక సినిమాశాలవారు స్త్రీలకు మాత్రమే ప్రత్యేక ప్రదర్శనము పెట్టగా, మాకేల ప్రవేశము లేదని కొందరు పురుషులు ఫిర్యాదు చేసిరట!

అదే సంవత్సరాంతమున వెలువడిన 'జస్టిస్ లీగ్' చిత్రమున, జాక్ స్నైడర్ దర్శకత్వమున, ఆ దీవి యోధురాండ్రు కొందరు కడుపు కనబడు తోలుకట్టుతో కనబడిరి. ముందటి చిత్రమున వారి యొడలిని కవచములు కాపాడినవి. అభిమానినులు రెండు చిత్రపటములను ప్రక్కప్రక్కన పెట్టి చూపి, కత్తివేటు పడుచోట కవచమేది యని నిలదీసిరి. తగిన ప్రశ్నయే.

2020 డిసెంబరులో వచ్చిన రెండవ చిత్రమును జెన్‌కిన్సే తీసినది. డయానా కోరికవలన మరణించిన ప్రియుడు స్టీవ్ ట్రెవర్ మరలివచ్చును. కాని పరాయివాడొకని శరీరమున ప్రవేశించి వచ్చును. ఆ పరాయివాని యిష్టమెవరడిగిరి? అతనికి ఇల్లు వాకిలి లేవా? అతని దేహమును తమదిగా వాడుకొనుటనుగూర్చి, నిజమునకే కట్టుబడిన డయానాకు ఒక్క క్షణమైన సంకోచము కలుగదేమని అభిమానినులు మండిపడిరి. శరీరము మగవానిది కనుక ఎవరును పట్టించుకొనలేదు. ఆడుదానిదైనచో ఊరకుందురా యని అడిగినవారు కలరు. స్త్రీలే యీ ప్రశ్న లేవదీయుట నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

మూడవ చిత్రము ముందునకు సాగదని 2022 డిసెంబరులో తెలియవచ్చెను. గాడోట్ ఆ వేషమున మరల కనబడునా యన్నదానికన్న, మరియొక నటితో కథ మొదటినుండి చెప్పినప్పుడు హిప్పోలిటా చేతికి మట్టి తిరిగి వచ్చునా యన్నదే పాత పాఠకురాండ్ర యారాటము.