కారిపోయే ఛార్జి, కరిగిపోయే ధర

కెపాసిటర్ పాఠం మధ్యలో ఉండగా వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మాస్టారూ, ఏటేటా రేటు పడిపోయే సరుకు చేసే కంపెనీ షేరు ఎవరైనా ఎందుకు కొంటారండీ?" వాళ్ల నాన్నది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. ఆ ఇంట్లో పుట్టాల్సిన ప్రశ్నే అది. నా బల్ల మీద, ల్యాబులో మొరాయించిన కంప్యూటర్లోంచి పీకిన ర్యామ్ ముక్క ఉంది. జవాబు అందులోనే ఉందని చెప్పి దాన్ని వాడి చేతికిచ్చాను.

జానెడు కూడా లేని ఆకుపచ్చ పలక, మీద ఎనిమిది నల్ల చిప్పులు, అంచున బంగారు పళ్లు. దాని సామర్థ్యం 8 జీబీ. అంటే దాదాపు 6,872 కోట్ల బిట్లు. ఒక్కో బిట్టుకీ లోపల ఉన్నవి రెండే: ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు. మన చేల భాషలో ఒక తూము, ఒక మడి. మడిలో నీరుంటే ఒకటి, ఎండి ఉంటే సున్నా.

ఈ ఆలోచన 1966లో ఐబీఎమ్ ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్‌కి వచ్చింది. అప్పట్లో ఆయన బృందం ఒక్క బిట్టు దాచడానికి ఆరు ట్రాన్సిస్టర్లు వాడేది. ఒకరోజు అయస్కాంత మెమరీ మీద పనిచేసే సహోద్యోగుల ప్రసంగం విన్నాడు. వాళ్ల అమరిక ఎంత సులువుగా ఉంది, మాదెందుకింత చిక్కుగా ఉంది అని ఇంటికి వెళ్లినా అదే ధ్యాస. ఆ ధ్యాసలోంచే ఒంటి తూము, ఒంటి మడి పద్ధతి పుట్టింది. 1968లో పేటెంటు వచ్చింది.

చిక్కల్లా ఒకటే. మడిలో నీరు ఇంకిపోతుంది. ఇంత చిన్న కెపాసిటర్‌లో ఛార్జి ఎక్కువసేపు నిలవదు. అందుకే కాలవ గట్టు మీద లస్కరు తిరిగినట్టు, చిప్పులో ఒక కాపలా ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. సాధారణంగా 64 మిల్లీసెకన్లలోగా ప్రతి వరసనీ ఒకసారి పలకరించి, నీరున్న మడిని మళ్లీ నింపాలి. కరెంటు పోయిందా, లస్కరు ఆగిపోతాడు, మడులన్నీ ఎండిపోతాయి. మనం సేవ్ చెయ్యని ఉత్తరం మాయమయ్యేది అందుకే.

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది చదివే పద్ధతి. తూము ఎత్తితే మడిలో నీరు బోదెలోకి వస్తుంది. మడి చూస్తే అరచేతంత, బోదె చూస్తే బారెడు. ఆ కాస్త నీటికి బోదె మట్టం ఎంత మారుతుంది? అందుకని ముందే బోదెని సరిగ్గా సగానికి నింపి ఉంచుతారు. తూము ఎత్తాక మట్టం వెంట్రుకవాసి పెరిగితే మడిలో ఒకటి ఉందన్నమాట, వెంట్రుకవాసి తగ్గితే సున్నా. బోదె చివర ఉన్న సెన్స్ యాంప్లిఫైయరు ఆ తేడాని పసిగట్టి, పెరిగితే నిండుగా తోడుతుంది, తగ్గితే పూర్తిగా దింపేస్తుంది. తూము ఇంకా తెరిచే ఉంది కదా! ఆ నీరే వెనక్కి పారి మడిని నింపుతుంది. చదవడానికి ఖాళీ అయిన మడి చదువుతూండగానే నిండిపోతోంది. లస్కరు నింపేదీ ఇలాగే: వరసంతా ఒకసారి చదివితే చాలు. పాతికేళ్లుగా పాఠం చెబుతున్నా ఇక్కడికి వచ్చేసరికి నా గొంతు మారుతుంది.

ఇంత సాదా నిర్మాణం కాబట్టే ఏటికేడాది కుదించగలిగారు. 1970లో ఇంటెల్ తెచ్చిన 1103 చిప్పులో 1,024 బిట్లే. అందులో ఇంకా బిట్టుకి మూడు ట్రాన్సిస్టర్లు. డెనార్డ్ పద్ధతి తర్వాతి తరం చిప్పుల్లో స్థిరపడింది. మడి చిన్నదైన కొద్దీ ఒకే సిలికాన్ పలకలో ఎక్కువ మడులు పడతాయి, బిట్టు ధర పడిపోతుంది. ధర పడితే వాడకం పెరుగుతుంది. కాబట్టి రేటు పడటమే కంపెనీకి చేటు కాదు. ఖర్చు రేటుకన్నా ముందు పడిందా లేదా అన్నదే చూడాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఎవరు చేసినా మెమరీ ఒకటే. ఈ తోట కాయా ఆ తోట కాయా అంబాజీపేటలో ఒకే రాశిలో కలిసిపోయినట్టు, ఏ కంపెనీ చిప్పయినా అదే సాకెట్‌లో కూర్చుంటుంది. జపాన్ కంపెనీలు మంచి నాణ్యతతో, తక్కువ ధరకి దిగేసరికి మెమరీతోనే పేరు తెచ్చుకున్న ఇంటెల్ 1985లో ఆ వ్యాపారమే వదులుకుంది. మనల్ని తీసేసి కొత్తవాణ్ణి కూర్చోబెడితే వాడేం చేస్తాడని ఇంటెల్ అధ్యక్షుడు ఆండీ గ్రోవ్, కంపెనీ అధినేత గార్డన్ మూర్‌ని అడిగాడట. మెమరీ మానేస్తాడని మూర్ జవాబు. ఆ ఏడాదే వచ్చిన 386 ప్రాసెసరు తయారీని, మునుపటిలా ఇతర చిప్పుల కంపెనీలకి పంచకుండా, ఇంటెల్ తన చేతిలోనే పెట్టుకుంది. ధర చెప్పే అధికారం అలా మిగిలింది.

"అయితే రేటు బాగున్నప్పుడు లాభం చూసి కొంటే?" అన్నాడు కుర్రాడు. రేటు బాగున్నప్పుడు అందరూ కొత్త ఫ్యాక్టరీలు కడతారు, అవి చేతికొచ్చేసరికి ఏళ్లు పడుతుంది అన్నాను. వాడే అందుకున్నాడు: "కాయ రేటు చూసి మొక్కలేసినట్టండీ. కాపుకొచ్చేసరికి రేటుండదు." మెమరీ కంపెనీ షేరు, లాభంతో పోల్చితే అన్నిటికన్నా చవగ్గా కనిపించేది తరచుగా ఆ కాపుకి ముందే. 2012లో జపాన్ ఎల్పిడా దివాలా తీసింది, మరుసటేడు మైక్రాన్ దాన్ని కొనుక్కుంది. ఇప్పుడు ప్రపంచంలో సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌లదే. మైక్రాన్‌కి హైదరాబాదులోనూ పెద్ద కేంద్రం ఉంది.

హైదరాబాదు పేరు వస్తే సత్యం కంప్యూటర్స్ గుర్తురాకుండా ఉండదు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన దాంట్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఆయనే రాశారు. లాభం కాగితం మీద కనిపిస్తే సరిపోదు, తూము ఎత్తి చూసినప్పుడు నీరు రావాలి. షేరు కొనే ముందు నగదు ప్రవాహం పట్టిక చూడమని పిల్లలకి చెప్పేది అందుకే.

ఈమధ్య ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతుంటే ర్యామ్ ధరలు మళ్లీ పైకి పాకాయి. పాత ముక్కే అయినా పారేసే రోజులు కావు. పెన్సిలు రబ్బరుతో బంగారు పళ్ల మీద మసక పోయేదాకా కుర్రాడి చేతే రుద్దించి, సాకెట్‌లో పెట్టించాను. టక్కున క్లిప్పులు పడ్డాయి. స్విచ్ వేస్తే ఒక్క బీప్, తెర వెలిగింది. 8 జీబీ.