నల్లి బొక్కలో వెతుకులాట

ఆదివారం మటన్ వండితే నల్లి బొక్క కోసం నాకూ తమ్ముడికీ కొట్లాట. పళ్లెం అంచుకు టకటకా కొట్టి మూలుగ జుర్రుకునేవాళ్లం. ఇప్పుడు ల్యాబ్‌లో చిట్టెలుక తొడ ఎముక పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. కాకపోతే ఇది అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు. రెండు కొసలూ కత్తిరించి సన్నటి సూదితో ద్రావణం ఎక్కిస్తే ఎర్రటి మూలుగ దారంలా జారిపడుతుంది. ఎముక తెల్లబడిందంటే అంతా వచ్చేసినట్టే.

అంత చిన్న ఎముకలోనూ కోటి దాకా కణాలుంటాయి. జన్మంతా రక్తాన్ని పుట్టించే మూలకణాలు మాత్రం లక్షకు ఏ కొన్నో. మైక్రోస్కోపులో మామూలు తెల్లకణంలా గుండ్రంగా ఉంటాయి, చూసి పోల్చుకోలేం.

అందుకే యాంటీబాడీలు. ఒక్కోటీ కణం మీది ఒక్కో ప్రోటీన్‌నే పట్టుకుంటుంది. ముందు అక్కర్లేనివాటిని పడతాం: టి కణాలకు సీడీ3, బి కణాలకు బీ220, ఎర్రకణాల సంతతికి టెర్119, ఇంకొన్ని. వాటికి అయస్కాంత రేణువులు తగిలించి ట్యూబును అయస్కాంతం పక్కన పెడితే గోడకు అంటుకుపోతాయి. కిందికి జారిన నీళ్లే మాకు కావాలి. అమ్మ బియ్యంలో రాళ్లేరి పారేసేది, మేం బియ్యం పారేసి రాయిని దాచుకుంటాం.

మిగిలినవాటిలో సీకిట్, స్కా-1 అనే ప్రోటీన్లు రెండూ ఉన్నవాటికి రంగు యాంటీబాడీలు అంటిస్తాం. సార్టర్ అనే యంత్రం ఒక్కో కణాన్నీ లేజర్ ముందు నడిపించి, ఆ రంగులు చూసి ఏరుతుంది. మొదటి ఏడాది నాకు తెరమీద స్కా-1 దాదాపు కనబడలేదు. యాంటీబాడీ పాడైందని రెండ్రోజులు దాన్ని తిట్టుకున్నాను. సీనియర్ మేడమ్ ఒక్కటే అడిగారు: “ఎలుక ఏ రంగమ్మా?” తెల్లది. బాల్బ్-సీ. ఆ జాతి మూలకణాల మీద స్కా-1 బాగా తక్కువ. నల్ల ఎలుక, సీ57 తేవాల్సింది.

ఈ దారి వేసింది 1988లో స్టాన్‌ఫర్డ్‌లోని ఇర్వింగ్ వైస్‌మన్ బృందం. సీకిట్ తర్వాత చేరింది. రేడియేషన్‌తో మూలుగ చచ్చిపోయిన ఎలుకలకు వాళ్లు ఏరిన కణాలు 30 ఎక్కిస్తే సగం బతికాయి. 1996లో జపాన్‌లో హిరోమిత్సు నకౌచి బృందం కొన్ని ఎలుకల్లో ఒకే ఒక్క కణంతో రక్తమంతా మళ్లీ పుట్టించింది.

ఏరడం అయ్యాక ట్యూబ్ ఖాళీగానే కనిపిస్తుంది, తెలియనివాళ్లయితే కడిగి పెట్టేస్తారు. పనితనం తేలేది మాత్రం ఎలుక ఒంట్లోనే. ఏరిన కణాలను మరో ఎలుకకు ఎక్కించి నాలుగు నెలలు ఆగాలి. మధ్యమధ్యలో ఓ చుక్క రక్తం తీసి, అందులో దాత ఎలుక కణాలెన్నో మళ్లీ యాంటీబాడీతోనే లెక్కపెడతాం.