గరగరలాడే వాల్యూమ్ కంట్రోల్: అపోహలు – వాస్తవాలు

ఇంటి స్టీరియో యాంప్లిఫయర్‌లో అందరి చేయీ పడేది వాల్యూమ్ కంట్రోల్ మీదే కనుక తరచుగా మొరాయించేదీ అదే. నాబ్ వెనుక ఉండే ఈ భాగాన్ని పొటెన్షియోమీటర్ అనీ, మెకానిక్‌ల వాడుకలో పాట్ అనీ అంటారు. నాడా ఆకారంలో పరచిన కార్బన్ పూత, దాన్ని ఒరుసుకుంటూ తిరిగే వైపర్ అనే లోహపు రేకు, పూత రెండు కొసలకూ వైపర్‌కూ ఒక్కొక్కటి చొప్పున మూడు కాళ్లు, ఇంతే దాని నిర్మాణం. స్టీరియోలో ఎడమ, కుడి చానెళ్ల కోసం ఇటువంటివి రెండు ఒకే కడ్డీ మీద తిరుగుతాయి.

అపోహ: గరగర వస్తే డబ్ల్యూడీ-40 కొడితే చాలు.

1953లో శాన్‌డియాగోలో రూపొందిన ఆ ద్రవం లోహం మీది తేమను తరిమి తుప్పును ఆపడానికి ఉద్దేశించినది. పాట్‌లో కొట్టగానే గరగర తగ్గినట్టు కనిపించినా, అది మిగిల్చే జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది. నాబ్ నిదానంగా తిరగడానికి కడ్డీలో పెట్టిన చిక్కటి గ్రీజును కూడా కరిగించి పూత మీదికి జార్చవచ్చు. శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇందుకు విరుద్ధమైన ఇబ్బంది ఉంది: మురికితో పాటు కందెనను కూడా కడిగివేయడం వల్ల వైపర్ పొడి పూతను గీరుతుంది. అందువల్ల శుభ్రం చేయడమే కాక పలుచని కందెన పొరను మిగిల్చే, పాట్‌ల కోసమే తయారైన కాంటాక్ట్ క్లీనర్‌ను ఎంచుకోవాలి. దానికంటే ముందు, కరెంటు తీసివేసి నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై ముప్పై సార్లు తిప్పి చూడాలి. తేలికపాటి దుమ్ము, ఆక్సీకరణ పొర ఆ రాపిడికే తొలగిపోవడం కద్దు. క్లీనర్‌ను నాబ్ వైపు నుంచి కొడితే పూతను చేరకుండా గ్రీజునే పాడుచేస్తుంది కనుక, కాళ్ల పైన కనిపించే సన్నని సందులోకి గొట్టం పెట్టి క్లుప్తంగా కొట్టి, మళ్లీ తిప్పి, పూర్తిగా ఆరిన తరువాతే స్విచ్ వేయాలి.

అపోహ: గరగరకు కారణం ఎప్పుడూ పాటే.

వాల్యూమ్ కంట్రోల్‌కు రావలసింది ఏసీ రూపంలోని సంగీత సంకేతం మాత్రమే. ముందు దశలోని డీసీ దాని దాకా రాకుండా అడ్డుకునే కెపాసిటర్‌ను కప్లింగ్ కెపాసిటర్ అంటారు. అది పాతబడి లీకైతే డీసీ పూత మీదికి చేరి, వైపర్ కదిలినప్పుడల్లా వోల్టేజి మెట్లుమెట్లుగా మారి స్పీకర్‌లో గరగరగా వినిపిస్తుంది. పాట్ ఎంత కొత్తదైనా ఈ శబ్దం పోదు. యాంప్లిఫయర్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో వైపర్ కాలికీ గ్రౌండ్‌కూ మధ్య డీసీ చూస్తే కొద్ది మిల్లీవోల్టులు ఉండవచ్చు. వందల మిల్లీవోల్టులు కనిపిస్తే మార్చవలసింది కెపాసిటర్‌ను. అలాగే, నాబ్‌ను సున్నాకు తెచ్చినా ఒక చానెల్ పూర్తి శబ్దంతో మోగుతుంటే పాట్ గ్రౌండ్ కాలి దగ్గర టంకం పగిలిందని అనుమానించాలి. ఆ కాలు తెగితే సంకేతాన్ని విభజించి తగ్గించే దారే ఉండదు. పావలా ఖర్చు లేని ఈ పరీక్షలు చేయకుండా పాట్ పీకేయడం తొందరపాటే.

అపోహ: ఓమ్‌ల విలువ సరిపోతే ఏ పాటైనా పనిచేస్తుంది.

చెవి శబ్దపు హెచ్చుతగ్గులను నిష్పత్తులుగా గ్రహిస్తుంది కాబట్టి, వాల్యూమ్ కోసం వాడే లాగ్ పాట్‌లో నాబ్ సగానికి వచ్చేసరికి నిరోధం పది నుంచి ఇరవై శాతమే ఉంటుంది. నిరోధం సమంగా పెరిగే లీనియర్ పాట్ పెడితే నాబ్ కాస్త కదలగానే ఇల్లు దద్దరిల్లి, ఆ పైన ఎంత తిప్పినా పెద్దగా మార్పు తెలియదు. ఆసియా దేశాల తయారీలో సాధారణంగా ‘ఎ’ లాగ్‌కూ ‘బి’ లీనియర్‌కూ గుర్తు; పాత ఐరోపా తయారీలో ‘ఎ’ అంటే లీనియర్ కావచ్చు కనుక అక్షరాన్ని నమ్మక, సగం తిప్పి మీటర్‌తో కొలవడం మేలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల కొనేవారు పాత పాట్‌ను వెంట తీసుకువెళ్లి కడ్డీ పొడవు, పళ్లు, కాళ్ల మధ్య ఎడం, లౌడ్‌నెస్ కోసం నాలుగో కాలు ఉందో లేదో పోల్చుకోవాలి.

అపోహ: నాబ్ సగంలో ఉంటే యాంప్లిఫయర్ సగం శక్తే ఇస్తుంది.

సీడీ ప్లేయర్ గరిష్ఠంగా దాదాపు 2 వోల్టులు ఇస్తుంది. చాలా యాంప్లిఫయర్‌లకు పూర్తి శక్తిని చేరడానికి 150–200 మిల్లీవోల్టులు చాలు. లాగ్ పాట్ సగంలో పదో వంతు వదిలినా 200 మిల్లీవోల్టులు అందుతాయి. పాటలోని హెచ్చు స్థాయి ఘట్టాల వద్ద మిగతా సగం తిప్పితే వచ్చేది వికృత ధ్వనే.

అపోహ: ప్లగ్గు పీకితే ప్రమాదం లేదు.

పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లు ప్లగ్గు తీసిన తరువాత కూడా కొన్ని నిమిషాలు విద్యుదావేశాన్ని నిలుపుకోగలవు. కనుక వాటి మీది వోల్టేజి సున్నాకు దిగిందని మీటర్‌తో నిర్ధారించుకోనిదే లోపల వేలు పెట్టరాదు. మూత తీసి ప్లగ్గు పెట్టి కొలవవలసిన డీసీ పరీక్షను, అనుభవం లేనివారు మెకానిక్‌కే వదిలేయాలి.