కాళ్లు కడిగేదెవరు? కడిగించుకునేదెవరు?

వేంపల్లె వైపు పల్లెల్లో చుట్టం గడప తొక్కితే ముందు చెంబుతో కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. నీళ్లకు కరువున్న రాయలసీమలో అది చిన్న గౌరవం కాదు. అయితే ఆ చెంబు అందరికీ అందలేదు. పనికి పోయిన మాల, మాదిగలకు ఎత్తు నుంచి దోసిట్లోకి నీళ్లు పోసిన చరిత్ర మనది. అందుకే పాదప్రక్షాళన పవిత్రమని మతాలు చెప్పినప్పుడు ఎవరు వంగుతున్నారో చూడాలంటున్నాం.

హిందూ సంప్రదాయంలో వంగేది కిందివాడే. పెళ్లిలో వరుణ్ణి విష్ణువుగా భావించి పిల్ల తండ్రి కాళ్లు కడుగుతాడు. గురువు పాదాలు కడిగిన నీళ్లు తీర్థమవుతాయి. కానీ పురుషసూక్తం శూద్రుడు పాదాల నుంచి పుట్టాడంటుంది. అంటరానివారికైతే ఆ దేహంలో చోటే లేదు. అందరి కాళ్లకూ చెప్పులు కుట్టిన మాదిగ, పెద్దకులాల వీధిలో తన చెప్పులు చేత పట్టుకుని నడవాల్సొచ్చింది.

ఇస్లాంలో నమాజుకు ముందు వుజూ చేస్తారు. ఎవరి కాళ్లు వాళ్లే చీలమండల దాకా కడుక్కుని ఒకే వరుసలో నిలబడతారు. అయినా మసీదు బయట కులం ఉందని పస్మాందా ముస్లింలు చెబుతూనే ఉన్నారు. సిక్కుల్లో గురువు పాదం తాకిన నీళ్లతో దీక్ష ఇచ్చే ఆచారం ఉండేది. 1699లో గురు గోవింద్ సింగ్ దాని బదులు ఖడ్గంతో కలిపిన అమృతం తెచ్చారు. వేర్వేరు కులాల ఐదుగురికి ఇచ్చి, వాళ్ల చేతుల మీదుగా తానూ తీసుకున్నారు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు శిష్యుల కాళ్లు కడుగుతాడు. ఆ కాలంలో అది బానిసల పని. అందుకే పేతురు మొదట ఒప్పుకోడు. క్యాథలిక్ చర్చిలు పవిత్ర గురువారం దీన్ని ఆచరిస్తాయి. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లో బాల నేరస్తుల జైలుకెళ్లి 12 మంది కాళ్లు కడిగారు. వాళ్లలో అమ్మాయిలు, ముస్లింలు కూడా ఉన్నారు. 2016లో ఈ ఆచారంలో స్త్రీలకు అధికారికంగా చోటిచ్చారు. గురువారం వంగిన చర్చి సమాధుల దగ్గర కులం చూస్తే మాత్రం ఆ నీళ్లు వృథా.

2019 ఫిబ్రవరి 24న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధాని మోదీ ఐదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో, 2013లో చట్టాలొచ్చాయి. అయినా మురుగు గుంతల్లో చావులు ఆగలేదు. మృతుల కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇకమీదట ఎవరైనా మన కాళ్లు కడుగుతామని వస్తే మూడు సంగతులు అడుగుదాం. కడిగాక మా ఇంట్లో నీళ్లు తాగుతారా? మీ గుడిలోకి, బావి దగ్గరకు, శ్మశానంలోకి మమ్మల్ని రానిస్తారా? మమ్మల్ని మురుగులోకి దించడం ఆపుతారా?