గట్టు మరచిన కణం

మార్టూరులో మా ఇంట్లోనే ఉండే పెద్దమ్మకు గర్భాశయ ముఖద్వారానికి కేన్సరు వచ్చినప్పుడు, ఆవిడ గ్లాసు, కంచం వేరుగా పెట్టారు. ఆవిడ పోయిన తరువాత నేను కాలేజీలో జంతుశాస్త్రం తీసుకున్నాను. ఆ జబ్బుకు మూలం ఒక వైరసని పాఠంలో చదివాను. సెలవులకు వెళ్ళినా ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు. చెబితే "చూశావా, అంటుజబ్బే!" అంటారని భయం.

అమెరికాలో పేటన్ రౌస్ అనే ఆయన కోడికి లేచిన కంతిని నూరి, కణాలేవీ దాటలేనంత సన్నని వడపోతలో వడకట్టి, ఆ రసాన్ని వేరే కోళ్ళకు ఎక్కించాడు. వాటికీ కంతులు లేచాయి. 1911లో ఈ సంగతి ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు. నోబెల్ బహుమతి 1966లో వచ్చేసరికి ఆయనకు 87 ఏళ్ళు!

ఈ వైరసు సోకిన కణం చావదు, దాని నడత మారుతుంది. గాజుపళ్ళెంలో పెంచిన మామూలు కణాలు పక్కవాటిని తాకగానే ఆగి, ఒకే వరుసగా పరుచుకుంటాయి. గట్టు రాగానే అరక మళ్ళించే మన రైతులాగన్నమాట. వైరసు సోకినవి గుండ్రబడి, ఒకదానిమీదొకటి గుట్టలుగా పెరుగుతాయి. ఇదంతా 'సార్క్' అనే ఒక్క జన్యువు పని. తమాషా ఏమంటే అది వైరసు సొంత సొత్తు కాదు, ఎప్పుడో కోడినుంచి ఎత్తుకొచ్చినదేనని 1976లో బిషప్, వార్మస్ బృందం తేల్చింది.

పెద్దమ్మకు జబ్బు తెచ్చిన పాపిలోమా వైరసు దారి వేరు. దాని నకళ్ళు తీసే సరంజామా విభజన చెందే కణంలోనే ఉంటుంది. అందుకని విశ్రాంతిలో ఉన్న కణాన్ని లేపుతుంది. దాని ఈ7 ప్రోటీను, విభజనను ఆపే ఆర్‌బి ప్రోటీనును పట్టేస్తుంది. ఈ6, చెడిన కణాన్ని చంపించే పి53ను నాశనం చేయిస్తుంది. బ్రేకూ పోయె, కాపలా పోయె. అయినా సోకినవారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. ఉండిపోయిన కొద్దిమందిలోనే, అదీ ఎన్నో ఏళ్ళకు, కేన్సరవుతుంది. వైరసు అంటేది దాంపత్య సంబంధం వంటి దగ్గరి స్పర్శవల్ల. సంసారులకు సర్వసాధారణం, ఎవరి శీలాన్నీ శంకించనక్కర్లేదు. గ్లాసువల్ల కేన్సరు అంటదు.

దీనికి టీకా 2006 నుంచి ఉంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు వేయడం మొదలుపెట్టిన పథకం, తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదన్న గొడవల మధ్య 2010లో ఆగిపోయింది. ఆ కథ చదివాక, ఇంట్లో నోరు మూసుకున్నందుకు నాకే సిగ్గేసింది.

మొన్న సంక్రాంతికి అమ్మకు అంతా చెప్పాను. పొయ్యిదగ్గర కూర్చుని విన్నది. చాలాసేపటికి, "అయితే అక్కయ్యను ఊరికే దూరం పెట్టామట్రా?" అంది.