వార్తల్లో పదం: నెట్ ప్రైస్

అమెరికాలో కాలేజీ సీటు వచ్చాక ఇంటికి ఆర్థిక సాయం లేఖ అందుతుంది. ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు, ప్రయాణాలు కలిపిన ఏడాది ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు తీసేస్తే కుటుంబం భరించాల్సిన మొత్తమే నెట్ ప్రైస్. చాలా లేఖల్లో ఆ అంకె సరిగా ఉండదు. స్కాలర్‌షిప్పు కిందే తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌నూ రాసి, అన్నీ కలిపి సాయమంటారు. వడ్డీతో తీర్చాల్సిన బాకీని అలా చూపడం అన్యాయం. లేఖలో సాయంగా చూపే వర్క్ స్టడీ సొమ్మూ పిల్లలు పనిచేస్తేనే వస్తుంది. 91 శాతం కాలేజీలు నెట్ ప్రైస్ చెప్పడం లేదనో, తగ్గించి చూపుతున్నాయనో ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో 2022లో అంచనా వేసింది. ఈ లేఖలకు అమెరికా విద్యాశాఖ నమూనా పత్రం ఉన్నా చాలా కాలేజీలకు అది తప్పనిసరి కాదు. ఎఫ్-1 వీసాపై వెళ్లే మన విద్యార్థులకైతే అమెరికా ఫెడరల్ ప్రభుత్వ సాయమే అందదు.